ముందు చక్రాల మీది గోపురాలు

మా అమ్మాయి పాలు తాగే వేళలు రాసుకున్న నోటుపుస్తకం ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. ముందువైపు నుంచి తెరిస్తే ఏ పూట ఎంతసేపు తాగింది, ఎన్నిసార్లు తుమ్మింది, తుమ్మినప్పుడు నేను ఎవరెవరికి ఫోన్ చేశాను అన్నీ ఉంటాయి. వెనకవైపు నుంచి తెరిస్తే కారు టైర్లు. మూడు గళ్ళు గీసి ఉంటాయి: గ్రిప్పు, మెత్తదనం, పెట్టిన డబ్బుకు న్యాయం. పుస్తకం మధ్యలో ఒకచోట తుమ్ములూ టైర్లూ కలుసుకుంటాయి. ఆ పేజీలో "తడి రోడ్డు మీద బాగుంటుందట, ముక్కు కారడం తగ్గింది" అని ఒకే వాక్యంలో రాసి ఉంది. ఇందాక పిల్లను నిద్రపుచ్చి అలమారలో ఏదో వెతుకుతుంటే ఈ పుస్తకం దొరికింది. చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుకుంటూ ఇది రాస్తున్నాను.

అప్పటికి మా అమ్మాయికి ఐదో నెల. మేము ఉండేది భువనగిరికి దగ్గరలో, మగ్గాలు ఇంకా ఆడుతున్న ఊళ్ళో. మా మామయ్య చిన్నప్పటి నుంచీ నేతగాడు. మా ఆయన మాత్రం మగ్గం ఎక్కలేదు, మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, కార్లు. బదిలీ మీద పోతున్న తోటి ఉద్యోగి దగ్గర పాత కారు ఒకటి కొన్నాడు. చూడటానికి చిన్నదే గానీ బయలుదేరిందంటే పందెపు కోడి. వెడల్పాటి టైర్లు, ఆ చక్రాలకు రబ్బరు తొడిగినట్టు కాకుండా రంగు పూసినట్టు పల్చగా ఉండేవి. "ఇది మామూలు కారు గాదు" అని ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. నిజమే. మామూలు కారైతే కట్టంగూరు దగ్గర ఆ పని చేసి ఉండేది కాదు.

కట్టంగూరులో చుట్టాలను చూసి తిరిగి వస్తున్నాం. పెద్ద రోడ్డు మీద వాన. ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది, మా ఆయన బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. ఏ తొందరా లేకుండా, చాలా మర్యాదగా ఒక చుట్టు తిరిగి, మేము వచ్చిన దిక్కుకే మొహం పెట్టి రోడ్డు పక్క బురదలో నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. నా ఒళ్ళో పిల్ల కన్ను కూడా తెరవలేదు.

"చూసినవా, ఎంత మెల్లగ తిరిగిందో. ఇంకో కారైతే బోర్ల పడేది" అన్నాడు మా ఆయన. స్టీరింగును మాత్రం ఇంకా రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.

నేను పిల్లను కొంగులో చుట్టుకుని వానలోనే దిగాను. జీవితంలో మొదటిసారి ఒక టైరును పరీక్షగా చూశాను. మొక్కు తీర్చుకుని వచ్చిన తలలా నున్నగా ఉంది. టైర్లు మారేదాకా నా బిడ్డ ఈ కారు ఎక్కదని అక్కడే చెప్పేశాను. మిగిలిన దారి నేనూ పిల్లా బస్సులో వచ్చాం. బస్సు వెనకే మా ఆయన కారు, తప్పు చేసిన పిల్లవాడిలా.

చెప్పడమైతే చెప్పాను గానీ, నెల తిరగకుండానే మహబూబ్‌నగర్‌లో నాకు బీఎడ్ ఆఖరి పరీక్ష ఉంది. పెళ్ళికి ముందు అక్కడి హాస్టల్లో ఉండి చదివాను. ఆ ఒక్క పేపరే మిగిలింది. మొదటిసారి రాద్దామంటే వాంతులు, రెండోసారి కాన్పు. ఈసారి కూడా రాయకపోతే కోర్సు మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదవాలి. పిల్ల సీసా చూస్తే మొహం తిప్పుకునేది, కాబట్టి నేను ఎక్కడికి పోతే తనూ అక్కడికే. వానాకాలంలో ఐదు నెలల పిల్లతో రెండు బస్సులు మారి పొద్దున్నే పరీక్షకు చేరడం కాని పని. టీచరు ఉద్యోగానికీ నాకూ మధ్య ఉన్నవి నాలుగు టైర్లు.

అలా మొదలైంది. పిల్లకు పాలిస్తూ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని టైర్ల గురించి చదివేదాన్ని. ఎక్కడెక్కడి వాళ్ళో వందలమంది టైర్లను పక్కపక్కన పెట్టి పోల్చి రాస్తున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. పందెపు టైరు మలుపులో వదలదు కానీ గుంతలో నడుము విరుస్తుంది. మెత్తటి టైరు గుంతను మింగేస్తుంది కానీ మలుపులో తూలుతుంది. టైరు పక్కగోడ మీద రాసి ఉండే అంకెలన్నీ నేర్చుకున్నాను. చివరి నాలుగంకెలు ఏ ఏడు, ఎన్నో వారంలో పుట్టిందో చెబుతాయి. ఇక ఆగలేదు. వీధిలో ఏ బండి కనిపించినా వంగి దాని పుట్టిన వారం చదవాల్సిందే. టీకా వేయించడానికి దవాఖానకు పోయినప్పుడు నర్సమ్మ మా పిల్ల పేరు మూడుసార్లు పిలిచిందట. నేను బయట డాక్టరుగారి కారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాను.

"ఏమైందమ్మా, పంచరా?" అన్నాడు డాక్టరుగారు కిటికీలోంచి.

"లేదు సార్. మీ టైరుకు ఏడేళ్ళు నిండినయి. మార్చేయండి" అన్నాను. ఆయన పాపం ఆ సాయంత్రమే మార్చేశాడని తర్వాత తెలిసింది.

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కోరిక. మా ఆయనకు గ్రిప్పు కావాలి. "గోడ మీద బల్లి లెక్క ఉండాలె" అంటాడు. అత్తమ్మకు మెత్తదనం కావాలి. పిల్ల లేవకూడదు, ఆమె నడుము పట్టేయకూడదు. మామయ్యకు మాత్రం ఒక్కసారి వేస్తే మనవరాలి పెళ్ళిదాకా మార్చే పని ఉండకూడదు. నాకు ఈ మూడూ కావాలి, వాటితోపాటు ఎవరైనా పెద్ద మనిషి వచ్చి "ఏం కాదు బిడ్డా" అని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.

చదివింది సరే, కారులో కూర్చుని చూస్తే గానీ నమ్మకం కుదరదనిపించింది. అప్పుడే భువనగిరిలో దగ్గరి చుట్టాలు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తున్నారని పిలుపొచ్చింది. అందరమూ ఆటోలో పోయాం. లోపల వాళ్ళు బియ్యంలో పసుపు కలుపుతుంటే నేను బయట నిలిపి ఉన్న కార్ల మధ్య పుస్తకం పట్టుకుని తిరిగాను. నాకు కావలసిన మూడు రకాలూ అక్కడే దొరికాయి. చౌక టైరు ఒకటి, మెత్తటిది ఒకటి, పందెపుది ఒకటి. బంధువులను బతిమాలి, ఖిల్లా గుట్ట చుట్టూ ఒక్కో కారులో ఒక్కో చుట్టు తిప్పమన్నాను.

గ్రిప్పు ఎలా ఉందో నడిపేవాళ్ళను అడగొచ్చు. మెత్తదనాన్ని కొలవడమెలా? అత్తమ్మే దారి చూపింది. ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. "ఎన్ని నీళ్ళు నా చీర మీద పడ్తె అంత గట్టి టైరు. రాసుకో" అంది.

చౌక టైరు మొదటి స్పీడ్‌బ్రేకరు దగ్గరే సగం చెంబు ఖాళీ చేసింది. పిల్ల లేచి ఏడ్చింది. మెత్తటి టైరు మీద ఒక్క చుక్క పడలేదు, పిల్ల నిద్రపోయింది, కానీ మలుపులో కారు పక్కకు ఒరిగేసరికి అత్తమ్మ "ఇది కారా, పడవా" అంది. పందెపు టైరు మలుపులో మేకులు కొట్టినట్టు నిలబడింది. ఆ తర్వాత వచ్చిన చిన్న గుంతకు చెంబులో మిగిలిన నీళ్ళన్నీ లేచి, నడిపే బంధువు మెడలోంచి చొక్కాలోకి పోయాయి. పిల్ల కిలకిలా నవ్వింది. అది దాని మొదటి గట్టి నవ్వు. పుస్తకంలో ముందువైపు రాయాలో వెనకవైపు రాయాలో తెలియక రెండువైపులా రాశాను. అత్తమ్మ మోకాళ్ళదాకా తడిసిన పట్టుచీరతో ఒడిబియ్యం పోసింది. ఏమైందని అడిగిన వాళ్ళందరికీ "టైర్లు చూసొచ్చిన" అని చెప్పింది.

తర్వాతి శుక్రవారం మా ఆయన కారులో, మిగతావాళ్ళం ఆటోలో భువనగిరి టైర్ల దుకాణానికి వెళ్ళాం. దుకాణం నడిపే భాయ్ మా వీధి వాళ్ళందరికీ తెలిసినవాడే. నా పుస్తకం తీసుకుని ఒక్కో పేజీ శ్రద్ధగా చదివాడు. "చెల్లె, ఇంత నాకు గూడ తెల్వది. గీ తుమ్ములెవరియి?" అని అడిగాడు. మా కారుకు సరిపోయే నాలుగు రకాలు తీసి వరుసగా నిలబెట్టాడు.

అప్పుడు మామయ్య ముందుకు వచ్చాడు. రబ్బరు సంగతి మా ఇంట్లో నిజంగా తెలిసింది ఆయనకేనని నాకు ఆ రోజే తట్టింది. మా వైపు నేతలో రంగు అద్దకముందు నూలుకు ముడులు కట్టాలి. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు, అలాగే పూలూ ఏనుగులూ వస్తాయి. ఆ ముడులు కట్టేది పాత సైకిలు ట్యూబుల్ని సన్నగా కోసిన రబ్బరు పట్టీలతోనే. నలభై ఏళ్ళుగా మామయ్య వేళ్ళ మధ్య రబ్బరే ఉంది. ఒక్కో టైరునూ బొటనవేలి గోరుతో నొక్కి, అది ఎంతసేపటికి తిరిగి లేస్తుందో చూశాడు.

"గట్టిగ పట్టే రబ్బరు జల్ది తెగుతది బిడ్డా. తెగొద్దని బిరుసుది కడ్తె ముడిల నుంచి రంగు జొరవడ్తది. నేను కట్టేది నడిమి రబ్బరు" అన్నాడు. మూడో టైరు దగ్గర ఆగి రెండుసార్లు గోరు నొక్కి, "గిది" అన్నాడు.

అది వానల కోసమే చేసిన టైరు. పందెపుదంత బిరుసు కాదు, మెత్తటిదంత తూలేదీ కాదు. నడిమధ్యన మొదలై రెండు పక్కలకూ చీలిపోయే గాళ్ళు దాని మీద వరుసగా ఉన్నాయి. మూడు రాత్రులు చదివి నేను గీత గీసుకున్నదీ అదే. భాయ్ ఆశ్చర్యపోయాడు.

"చాచా, నా దుకాణంల కూసుంటవా?"

"మరి నా మగ్గం ఎవరు నడుపుతరు, నువ్వా?"

జుమ్మా నమాజుకు వేళైందని భాయ్ మసీదుకు వెళ్ళాడు. టైర్లు బిగించే పని దుకాణంలో పనిచేసే నడివయసు మనిషికి అప్పజెప్పాడు. ఆయన ఒకప్పుడు మా వీధిలోనే మగ్గం నేసినవాడు. కంపెనీ నుంచి ఫోనొస్తే మా ఆయన రోడ్డవతలికి పోయాడు. నేను పిల్లకు పాలివ్వడానికి వెనక భాయ్ వాళ్ళింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కారు సిద్ధంగా ఉంది. మామయ్యా, ఆ మనిషీ నడుం మీద చేతులు పెట్టుకుని, మగ్గం మీది నుంచి కోసిన కొత్త చీరను చూసినట్టు చక్రాలను చూస్తున్నారు.

కారు బయలుదేరగానే ఊఁ అని సన్నగా ఒక మోత వినిపించింది. వేగం పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కొత్త టైర్లు కదా, అలవాటు పడాలన్నాడు మా ఆయన. ఊరు దాటకముందే పిల్ల నిద్రపోయింది. మరుసటి రోజూ అంతే, ఆ తర్వాతా అంతే. ఏడుపు మొదలుపెడితే చాలు, కారులో వేసుకుని రెండు మైళ్ళు తిప్పితే నిద్రపోయేది. ఆ వారమంతా మా ఇల్లు పండగలా ఉంది. నేను వరుసగా నాలుగు గంటలు నిద్రపోయాను. లేచి అద్దంలో చూసుకుంటే నాకు నేనే బంధువులా కనిపించాను.

పరీక్షకు ముందు రోజు పొద్దున, ఎంత చదివినా గుండె దడ తగ్గక, పిల్లను చంకనేసుకుని వాకిట్లో తిరుగుతున్నాను. అలవాటు కొద్దీ ముందు చక్రం దగ్గర కూర్చుని పుట్టిన వారం మరోసారి చదువుతున్నాను. పిల్ల వంగి టైరును ఫట్‌మని చరిచింది. దాని అరచేతి పక్కన ఒక బాణం గుర్తు ఉంది. చక్రం ఏ దిక్కుకు తిరగాలో చెప్పే బాణం. అది కారు వెనక్కి చూపిస్తోంది.

ఇంకో పక్కకు పరిగెత్తాను. అక్కడా వెనక్కే. వెనక చక్రాలు రెంటికీ ముందుకే ఉంది.

మా ఆయనను కేకేశాను. మగ్గం గుంటలోంచి మామయ్య కూడా లేచి వచ్చాడు. బాణం చూపించాను. మామయ్య వంగి బాణాన్ని వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"ఎనకకెళ్లి చూస్తె గోపురాలు సక్కగున్నయి బిడ్డా. ముందటికెళ్లి చూస్తె తలకిందులున్నయి. ఒక్క చీరకు ఒక అంచు సక్కగ, ఇంకో అంచు బోర్ల ఉంటదా. ముందటి చక్రాలు రెండు గిటుది గటు మార్పిచ్చిన. ఆ బిగించెటోడు గూడ అవునన్నడు."

ఆయన చెప్పాక నేనూ చూశాను. టైరు మీది గాళ్ళు అచ్చం మా చీరల గోపురం అంచులాగే ఉన్నాయి. చక్రం మీద అవి వెనక నుంచి చూస్తే నిటారుగా నిలబడతాయి, ముందు నుంచి చూస్తే తలకిందులవుతాయి. అలా ఉంటేనే సరిగ్గా ఉన్నట్టు. ఆ సంగతి ఇద్దరు నేతగాళ్ళకు ఎలా తెలుస్తుంది?

"బాపూ, గోపురం మొన ముందుగాల నేలను తాకాలె. అప్పుడే నీళ్ళు నడిమిట్ల నుంచి పక్కలకు పోతయి" అని మా ఆయన గాలిలో చేతులు తిప్పుతూ చెప్పాడు.

మామయ్యకు రెండోసారి చెప్పే అవసరం రాలేదు. "అంటే నేను నీళ్ళను నడిమిట్లకు గుంజిన" అన్నాడు. మనవరాలి వైపు చూడలేక నేల చూశాడు. "గీ పిల్లను వారం దినాలు నీళ్ళ మీద తిప్పిన."

నాకు కోపం రావాలి. ఆ మోత ఉల్టా తిరిగే టైర్లదనీ, పిల్లను నిద్రపుచ్చింది అదేననీ అప్పుడే అర్థమైంది. తలకిందులైన రెండు గోపురాలను సరిచేసి మామయ్య నాకు వారం రోజుల నిద్ర ఇచ్చాడు. కడుపులోంచి నవ్వు పొంగుకొచ్చింది, ఆపలేకపోయాను. కారుకు ఆనుకుని నవ్వాను. నన్ను చూసి పిల్ల, పిల్లను చూసి అత్తమ్మ. మామయ్య మాత్రం చెప్పులు వేసుకుని కారు పక్కన నిలబడ్డాడు. "పద పోదాం. నేను ఉల్టా చేసింది నేనే సీదా చేపిస్త."

భాయ్ బాణాలు చూసి బిగించిన మనిషి వైపు తిరిగాడు. "జుమ్మాకు పోయి వచ్చేలోపల దునియానే ఉల్టా చేసినవా?"

"పెద్దబాపు చెప్పిండు. నాకు గూడ గట్లనే మంచిగ కొట్టింది."

"మగ్గం నువ్వు వదిలి పదేండ్లాయె. అది నిన్ను ఇంక వదల్లే."

సరిచేశాక మామయ్య కారు ముందు నిలబడి తలకిందుల గోపురాలను చాలాసేపు చూశాడు. "ఉండాల్సింది గిట్లనే. చూడబుద్ధి మాత్రం కాదు" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున అందరమూ బయలుదేరాం. అత్తమ్మ పిల్లను చూసుకోవడానికి. మామయ్య ఎందుకో ఎవరూ అడగలేదు. ఔటర్ రింగురోడ్డు దాటి షాద్‌నగర్ వైపు తిరిగేసరికి వాన పట్టుకుంది. కారు ఏ చప్పుడూ లేకుండా పోతోంది. ఆ నిశ్శబ్దంలో పిల్ల లేచింది. పాలిచ్చాను, గిలక ఊపాను, అత్తమ్మ జోల పాడింది. ఏడుపు ఆగదు. నా ఒళ్ళో తెరిచి పెట్టిన నోట్సులో ఒక్క అక్షరం కనిపించడం లేదు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. పెదవులు మూసి, ముక్కులోంచి సన్నగా "ఊఁ" అన్నాడు. వారం రోజులు విన్న మోత అచ్చం అదే. పిల్ల ఏడుపు మధ్యలోనే ఆగి, ఆయన మొహంలోకి చూసింది.

"బాపూ, ఎనభై మీదికి పోయినం. జర పెంచు" అన్నాడు మా ఆయన.

మామయ్య పెంచాడు. లారీని దాటేటప్పుడు ఇంకొంచెం పెంచాడు. టోలు దగ్గర తగ్గించాడు. పిల్ల కళ్ళు మూతలు పడ్డాయి. అత్తమ్మ కిటికీ వైపు తిరిగి భుజాలు అదిరేలా నవ్వుతోంది, చప్పుడు మాత్రం రానివ్వడం లేదు.

జడ్చర్లకు ఇంకా కొంత దూరం ఉందనగా, జోరువానలో ఎరువుల బస్తాల ట్రాక్టరు ఒకటి పక్క దారిలోంచి నేరుగా రోడ్డు మీదికి వచ్చింది. మా ఆయన బ్రేకు తొక్కాడు. నా చేతులు వాటంతటవే పిల్లను చుట్టుకున్నాయి. కట్టంగూరు దగ్గర తిరిగిన ఆ చుట్టు కోసం ఒళ్ళంతా బిగపట్టాను. కారు తిరగలేదు. ముక్కు కొంచెం వంచి, తిన్నగా, ట్రాక్టరుకు బారెడు దూరంలో నిలబడింది.

మామయ్య మోత ఆగిపోయింది. అద్దం మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"పట్టింది" అన్నాడు మామయ్య.

ఆ నిశ్శబ్దానికి పిల్ల కళ్ళు తెరిచింది. అందరమూ దాని వైపు చూశాం. మామయ్య గబగబా మళ్ళీ "ఊఁ" అందుకున్నాడు. కారు ఇంకా కదలనేలేదని మా ఆయన గుర్తు చేస్తే, చేత్తో పొమ్మని సైగ చేశాడు. నేను పుస్తకం వెనకవైపు తీసి గ్రిప్పు గడిలో టిక్కు పెట్టాను. అప్పుడే కారు కదలడంతో ఆ టిక్కు పక్క గడిలోకి కూడా పోయింది. దిద్దలేదు.

పరీక్ష గదిలోకి పోయేముందు వరండా చివర కూర్చుని పిల్లకు కడుపునిండా పాలిచ్చి మామయ్య భుజాన వేశాను. నా బల్ల కిటికీ పక్కనే పడింది. ప్రశ్నపత్రం ఇచ్చారు. తరగతి గదిలో పిల్లల భయం పోగొట్టడమెలాగో రాయమని మొదటి ప్రశ్న. బయట సన్నగా మోత మొదలైంది. పర్యవేక్షకుడు కిటికీలోంచి తొంగి చూసి, మోటారు ఏదో ఆడుతోందనుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. వరండా ఆ చివరికి పోయినప్పుడు మోత తగ్గేది, మలుపు తిరిగి ఇటు వచ్చినప్పుడు పెరిగేది. మూడు గంటలూ అది ఒక్కసారి కూడా ఆగలేదు. నేను రాస్తూనే ఉన్నాను.